రెండో ఈల

మొన్న మా పెద్దోడు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడవకముందే జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ల తీసి నా ముందు పెట్టాడు. రూపాయి బిళ్ల కంటే పెద్దది. పైన ఒక బెజ్జం. మట్టి పట్టి నల్లగా ఉంది.

"అమ్మా, సూడు. ఓపెన్‌కాస్టుల ఇయ్యాల పాత బాయి తేలింది. ఎన్నడో మూసిన బాయట. మా మిషిన్ తొట్టెల పాత దుంగలొచ్చినయ్, వాటి సందుల గిది ఉండె. నువ్వు పాత సామాన్లు దాసుకుంటవ్ గద, ఉంచుకో."

చింతపండు పెట్టి రుద్దాను. నంబరు తేలింది. చదువు నాకు నలభై దాటాక వచ్చింది. అందుకని ఇప్పటికీ ఏది కనబడినా, సబ్బు కాగితమైనా బస్సు బోర్డయినా, పైకి చదువుతాను. అది మాత్రం పైకి చదవలేదు. నాలుగు, సున్న, ఏడు.

ఆ బిళ్లను నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. బాయిలో కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, పట్నంలో, పెద్ద బాగ్ అనే తోటలో, పట్టపగలు, ఒక మనిషి చేతిలో. నమ్మేవాళ్లు నమ్మండి. నమ్మమని నేను బతిమాలను.

బిళ్ల సంగతి ముందు చెప్పాలి. బొగ్గుగనిని మేం బాయి అంటాం. లోపలికి దిగకుండా పైనుంచే నేలంతా పేల్చి తవ్వేది ఓపెన్‌కాస్టు. అప్పట్లో బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక బిళ్ల, దాని మీద ఒక నంబరు ఉండేవి. దిగేటప్పుడు లాంప్‌రూము కిటికీలో దీపంతో పాటు తీసుకోవాలి, ఎక్కి వచ్చాక అదే కిటికీలో ఇచ్చేయాలి. బిళ్ల మళ్లీ మేకుకు తగిలితే మనిషి పైకి వచ్చినట్టు. తగలకపోతే లోపలే ఉన్నట్టు. ఆ మనిషి బజారులో నిలబడి బీడీ తాగుతున్నా సరే, బిళ్ల ఇవ్వకపోతే లోపలే. ఒకసారి మా నాయిన బిళ్ల ఇవ్వడం మరిచిపోయి ఇంటికి తెచ్చాడు. మెరుస్తుంటే నేను పట్టుకున్నాను. ఎన్నడూ చెయ్యెత్తని మనిషి నా వేళ్ల మీద కొట్టాడు.

"ఇంకోని బిళ్ల పట్టుకుంటె వాని జాగల నువ్వు పోవాలె. తెల్సిందా?" అని, అన్నం కూడా తినకుండా ఆ బిళ్ల ఇచ్చి రావడానికి మళ్లీ బాయికి నడిచాడు.

ఇక ఈల సంగతి. మా బస్తీ పక్కన ఒక రాతి గుట్ట ఉండేది. కొత్త క్వార్టర్లకు రాయి కావాలని దాన్ని పేల్చేవారు. ఎర్ర గుడ్డ పట్టుకుని ఒక ముసలాయన ఈల వేసేవాడు. మొదటి ఈల పడితే ఎక్కడివాళ్లు అక్కడ దాక్కోవాలి. తర్వాత ధన్ మని పేలుడు, రేకుల మీద రాళ్ల వాన, మందు కాలిన వాసన. రెండో ఈల పడితేనే బయటికి రావాలి. ఆ రెండింటి మధ్య తల్లి పిలిచినా రాకూడదు. పొయ్యి మీద అన్నం మాడినా లేవకూడదు. మా బస్తీలో నడక రాని పిల్లకు కూడా ఈల వినబడితే మంచం కిందికి దూరడం వచ్చు.

మా నాయిన తమ్ముణ్ని నేను కాక అనేదాన్ని. ఊరి నుంచి వచ్చి వేరే బాయిలో చేరాడు. ఆ బాయి పక్కనే గుడిసె వేసుకుని చిన్నమ్మతో ఉండేవాడు. వాళ్లకు పెళ్లయి ఏడాది కాలేదు. నేను ఆయన్ని చూసింది నాలుగైదుసార్లు, అంతే. పొడుగ్గా ఉండేవాడని తప్ప ముఖం గుర్తు లేదు.

ఒకనాడు మొదటి షిఫ్టులో ఆ బాయి కప్పు కూలింది. ముగ్గురు బయటపడ్డారు. కాక రాలేదు. తొమ్మిది రోజులు తవ్వారు. తవ్వినకొద్దీ కప్పు దిగుతూనే ఉందని చివరికి గోడ కట్టి ఆ దారి మూసేశారు. కాక బిళ్ల మేకుకు రాలేదు. మరి లోపలే ఉన్నాడా? ఉన్నాడనే అనుకున్నారు. ఇంతలో గోదావరి ఒడ్డున బర్లు కాసే మనిషి ఒకడొచ్చి, ఆ రోజు మధ్యాహ్నం ఒళ్లంతా మసితో ఒకడు ఇసుకలో పడి ఉరుకుతుంటే చూశానన్నాడు. గాలి కోసం తవ్విన దారిన ఎక్కి, బెదిరి పారిపోయాడేమోనని కొందరన్నారు. చిన్నమ్మ ఆ మాట పట్టుకుంది. గాజులు తీయనంది. పెద్దమనుషులు కూర్చుని, యాడాది చూద్దాం, రాకపోతే పిండం పెట్టి గాజులు తీయిద్దాం అని ఒక మాట చేశారు.

యాడాదికి ఇంకా నెల ఉందనగా, పట్నం దవాఖానకు పోయివచ్చిన మా గల్లీ మనిషి ఒక కబురు తెచ్చాడు. "అక్కడ పెద్ద బాగ్‌ల మీ తమ్ముని లెక్కనే ఒకడు చెట్లకు నీళ్లు పడుతున్నడు. పిలిస్తె గుట్ట ఎనకకు పోయిండు. మల్ల కనవడలే."

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాతో అన్నది ఒక్కటే మాట. "పట్నం పోతున్నం. బాగ్ సూద్దం."

నాయిన, అవ్వ, చిన్నమ్మ, నేను వెళ్లాం. అవ్వ అంటే నాయిన తల్లి. నాయిన ఆమెను అవ్వా అనేవాడు, నేనూ అదే అనేదాన్ని. మా అమ్మ బాలింత, ఇంట్లోనే ఉంది. ప్యాసింజరు బండి దిగి నడుచుకుంటూ వెళ్లేసరికి బాగ్ గేటు అప్పుడే తీశారు.

అంత పచ్చదనం నేను అంతకుముందు చూడలేదు. మా దగ్గర చెట్టంటే బూడిద రంగు. వాన పడ్డ మరునాడు మాత్రం పచ్చగా ఉండేది. ఇక్కడ గడ్డి దుప్పటి పరిచినట్టుంది. అడుగు వేస్తే చప్పుడు లేదు. మనుషులున్నారు కానీ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. సైరన్ లేదు, లారీ లేదు, దగ్గు లేదు. అవ్వ ఒక ఆకును వేలితో తుడిచి ఆ వేలిని ఎండకు పట్టి చూసింది.

"మసి లేదేందిరా?"

"పట్నంల బాయి లేదు గదనే అవ్వా."

"మరి గీళ్లంత ఏం పని చేస్తరు? పొద్దుగాల్నే వచ్చి కూసున్నరు."

దారి మలుపులో ఒక పాలరాతి బొమ్మ ఉంది. ఆడమనిషి, కళ్లకు పాపలు లేవు. అవ్వ దాన్ని పైనుంచి కిందికి చూసి, "ఎవతో సచ్చి నిలవడ్డట్టున్నది, సూడకు పిల్లా," అని నా ముఖం పక్కకు తిప్పింది. నేను వేళ్ల సందులోంచి చూశాను.

చిన్నమ్మ పెండ్లి చీర కట్టుకుంది. బాగ్ చూడటానికి పెండ్లి చీర ఎందుకని అడిగితే అవ్వ నోరు ముయ్యమంది. గేటుకు ఎదురుగా చెట్టు కింద గడ్డి మీద కూర్చున్నాం. నాయిన ఒక్కడే చేతికర్రతో తోటంతా తిరుగుతున్నాడు. నీళ్లు పట్టే ప్రతి మనిషి ముఖంలోకీ వంగి చూస్తున్నాడు. మధ్యమధ్య అలవాటు కొద్దీ కర్రతో నేలను తట్టి వింటున్నాడు. బాయిలో కప్పును అట్లాగే తట్టి వినాలి. గట్టిగా పలికితే నిలుస్తుంది, డొల్లగా పలికితే పడుతుంది.

తోటపని చేసే మాలీ ఒకడు వచ్చి, గడ్డి మీద కూర్చోవద్దని అవ్వ మీద అరిచాడు. "ఏ బుడ్డీ, ఘాస్ పో నక్కో బైఠో!"

"నక్క లేదు, తోడేలు లేదు, నీ పని సూసుకో పో," అంది అవ్వ. మాలీకి తెలుగు వచ్చో రాకో నవ్వి పోయాడు. మేం కదలలేదు.

మాకు తినడానికి జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, ఉల్లిగడ్డ తెచ్చారు. చిన్నమ్మ ఒళ్లో మాత్రం వేరే డబ్బా ఉంది. అందులో సర్వపిండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, వెల్లుల్లి వేసి గంజుగిన్నెకు అద్ది కాల్చింది. మూత సందులోంచి వాసన వచ్చి నా ప్రాణం తీస్తోంది. చెయ్యి పెట్టబోతే చిన్నమ్మ డబ్బా వెనక్కి జరిపింది.

"గది నీకు గాదు."

"మరెవలకు?"

"అడిగెటోల్లు ఉంటరు."

ఎండ నడినెత్తికి వచ్చాక, దూరంగా ఒక పొడుగాటి మనిషి తోటలో నీళ్ల గొట్టం లాగుతూ కనబడ్డాడు. చిన్నమ్మ డబ్బా వదిలేసి, చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉరికింది. దగ్గరికి పోయి ఆగిపోయింది. ఆయన ఎవరో తాత. ఆమె అక్కడే నిలబడి ఉండగా నేను డబ్బాలోంచి ఒక ముక్క విరుచుకుని పరుగు తీశాను. ఎవరికీ కనబడకుండా తినాలని ఉత్తుత్తి గుట్ట వైపు పోయాను. సిమెంటుతో కట్టిన గుట్ట అది. మా క్వార్టరంత ఉంటుంది. కింద ఒక గుహ.

సరిగ్గా అక్కడికి చేరేసరికి ఈల పడింది.

ఆ మాలీయే, గడ్డి మీద కూర్చున్నవాళ్లను లేపడానికి వేశాడట. నాకేం తెలుసు? ఈల పడింది, నేను గుహలో దూరాను. చెవులు మూసుకుని పేలుడు కోసం చూశాను. పేలుడు రాలేదు. వాసన మాత్రం వచ్చింది. తడిసిన దుంగలు, కాలిన మందు, మగవాళ్ల చెమట. మా నాయిన బట్టల వాసన. గుహ వెనక భాగం కనబడటం లేదు. అటు నుంచి సన్నగా చల్లగాలి వస్తోంది. ఎక్కడో నీటి చుక్క పడుతోంది.

"ఎవలు బిడ్డా?"

చీకట్లో గోడకు ఆనుకుని ఒకాయన కూర్చున్నాడు. ముఖం తెలియడం లేదు.

"నేనే," అన్నాను.

"పైన ఏ షిఫ్టు నడుస్తుంది?"

"తెల్వది."

"ఈల ఒక్కటే పడ్డదా?"

"ఒక్కటే."

"అయితె కూసో. కదలకు."

నాకు భయం వేయలేదు. మన మాట మాట్లాడుతున్నాడు, మన ఈల తెలిసినవాడు. పట్నంలో అంతకంటే నమ్మకమైన మనిషి ఎవరు? భయం చాలా ఏళ్ల తర్వాత వేసింది.

"ఏం వాసన గది? సర్వపిండా?"

సగం విరిచి ఇచ్చాను. వెలుతురులోకి ఒక చెయ్యి వచ్చింది. గోళ్ల నిండా బొగ్గు. తీసుకుంది, వెనక్కి పోయింది. నమిలిన చప్పుడు వినబడింది.

"ఉప్పు ఇయ్యాల గూడ మర్సింది," అన్నాడు.

"మంచిగనే ఉన్నది గద," అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆయన కూర్చున్న చోటు నుంచి రాలేదు. దాని వెనక నుంచి, చాలా లోతు నుంచి వచ్చింది.

తర్వాత ఆ చెయ్యి మళ్లీ వెలుతురులోకి వచ్చింది. ఈసారి అరచేతిలో బిళ్ల ఉంది. "నువ్వు పైకి పోతవ్ గద. గిది కిటికీల ఇచ్చెయ్యి బిడ్డా. నేను ఇయ్యలే."

అప్పుడు నాకు అంకెలు రావు. బిళ్ల మీద ఒక తలకిందుల కుర్చీ, ఒక కోడిగుడ్డు, ఒక కొడవలి కనబడ్డాయి. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"ఇంకోని బిళ్ల పట్టొద్దు. మా నాయిన కొడ్తడు."

ఆయన వేళ్లు బిళ్ల మీద ముడుచుకున్నాయి. "నిజమే. మంచిగ నేర్పిండు," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు బయట ఈల వినబడింది. రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈల. నేను లేచాను. "పడ్డది, రా పోదం."

"అది నాది గాదు. మీ నాయినది. మా బాయిల పడాలె." నేను అడుగు వేయబోతుంటే మళ్లీ అన్నాడు, "నేనున్ననని చెప్పకు. చెప్తె పిలుస్తరు. పిలిస్తె ఉండబుద్ది గాదు. ఈల పడకముందే లేస్తె మీద పడ్తది."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. మా బస్తీ పిల్ల ఎవతెకైనా అర్థమవుతుంది. సరే అన్నాను.

బయటికి వచ్చేసరికి నీడలు సాగి ఉన్నాయి. నేను ముక్క తిన్నంతసేపే లోపలున్నాననుకున్నాను. నాయిన నన్ను ఎత్తి కుదిపేశాడు. ఈల పడగానే తను అవ్వను బెంచీ వెనకకు లాగాడట, చిన్నమ్మ తల మీద చేతులు పెట్టుకుని నడి తోటలో కూలబడిందట, చుట్టుపక్కలవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారట. ఆ తర్వాత నేను కనబడలేదు. మధ్యాహ్నమంతా వెతికారు. చివరికి నాయినకు తట్టింది, ఈ పిల్ల రెండో ఈల కోసం కూర్చుని ఉంటుందని. అందుకని తనే వేశాడు.

"ఏడున్నవే?"

గుహ చూపించాను. నాయిన ముఖం మారిపోయింది. "అండ్ల రెండుసార్లు సూసిన. నాలుగు అడుగులు లేదు, గోడ ఉన్నది. ఏడున్నవ్ నిజం చెప్పు."

"నిద్రపోయిన," అన్నాను.

చిన్నమ్మ డబ్బా మూత తీసి చూసింది. "ముక్క ఎవలు తిన్నరు?"

"నేనే."

ఆమె నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. తిండి వాసన కోసం చూసిందనుకుంటాను. కానీ చూసి ఉలిక్కిపడింది. నా అరచేతిని మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. నా ముఖం చూసింది, గుహ వైపు చూసింది. డబ్బా చంకన పెట్టుకుని గుహ దగ్గరికి నడిచింది. నోరు తెరిచి పిలవబోయింది. నేను ఉరికి పోయి ఆమె కొంగు పట్టుకుని గుంజాను.

"పిలువకు చిన్నమ్మా! పిలువకు!"

"ఎందుకే? అండ్ల ఎవలన్న ఉన్నరా?"

నా జీవితంలో ఎన్నో అబద్ధాలు చెప్పాను. మిగతావి గుర్తు లేవు.

"ఎవల్లేరు," అన్నాను.

అవ్వ వచ్చి, "పొల్ల బెదిరింది, ఇగ చాలు, పోదం పా," అంది. నాయిన కర్రతో గుహ కప్పును ఒకసారి తట్టి విన్నాడు. ఎట్లా పలికిందో చెప్పలేదు. సాయంత్రం బండికి వచ్చేశాం. చిన్నమ్మ బండిలో ఆ డబ్బా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. నాకు ఇవ్వలేదు, తను తినలేదు. బండి దిగాక గోదావరి దగ్గర ఇసుకలో వదిలేసింది.

నెల తిరిగాక అదే ఇసుకలో పిండం పెట్టారు. అందరూ ఏడుస్తూ కాక పేరు తలుస్తుంటే, మేం బాగ్‌కు ఎందుకు పోయామో నాకు అప్పుడు తెలిసింది. చిన్నమ్మ చేతుల్ని రాయి మీద పెట్టించారు. గాజులు చిట్లుతున్న చప్పుడు విన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. నోరు లేవలేదు, అంతే. దానికి నేను కారణాలు కల్పించను.

చిన్నమ్మకు బాయి క్యాంటీనులో పని దొరికింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నాకు పెళ్లయింది, పిల్లలయ్యారు. నలభై దాటాక మా బస్తీలో ఆడవాళ్లకు చదువు చెప్పడానికి ఒక టీచరమ్మ వచ్చింది. మొదటి వారం పలక మీద అంకెలు వేసింది. తలకిందుల కుర్చీ వేసి, ఇది నాలుగు అంది. కొడవలి వేసి, ఇది ఏడు అంది. నా చేతిలో బలపం విరిగింది.

చిన్నమ్మ ఇంటికి పోయి ఏదో మాటల్లో అడిగినట్టు, కాక నంబరెంత అని అడిగాను. ఏ నిద్రలో లేపినా చెప్పగలదు. "నాలుగు వందల ఏడు." అప్పుడూ చెప్పలేదు. చెప్తే ఏం చేస్తుంది? పట్నం పోయి గుహ ముందు కూర్చుంటుంది. అందుకని దిగమింగాను.

ఇప్పుడు బిళ్ల తేలింది. మా వాడికి అంతా చెప్పాను. వాడు విని, "ప్రతి బాయిల నాలుగు వందల ఏడు ఉంటదే అమ్మా. ఏ బాయోడో అప్పుడు పట్నంల తిరుగుతుండచ్చు. పిల్లప్పటి ముచ్చట, నీకేం యాదికుంటది," అన్నాడు. వాడన్నది కాదనలేను.

మరునాడు బిళ్ల కొంగున కట్టుకుని చిన్నమ్మ దగ్గరికి నడిచాను. ప్రత్యేక రాష్ట్రం కోసం చౌరస్తాలో టెంటు వేసి పాటలు పాడుతున్నారు, దారంతా జనం. చిన్నమ్మ ఇంట్లో ఓపెన్‌కాస్టు పేలుళ్లకు పగిలిన గోడకు సున్నం పూసుకుంటోంది. కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. బిళ్ల చేతిలో పెట్టాను. వింటూ ఆమె నంబరును వేలితో తడుముతోంది. ఉప్పు మాట దగ్గర ఆపింది.

"మల్లొక్కసారి చెప్పు. ఏమన్నడు?"

"ఉప్పు ఇయ్యాల గూడ మర్సింది, అన్నడు."

చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసి, "ఏం పెట్టినా గదే మాట. పెండ్లయిన తెల్లారి నుంచి గదే మాట," అంది. తర్వాత నా వీపు మీద గట్టిగా కొట్టింది. "గిన్నేండ్లు నోట్లె ఏం పెట్టుకున్నవే ముండా?"

కొట్టనిచ్చాను. అలిసిపోయాక అడిగింది, "బిళ్ల ఇస్తె ఎందుకు తీసుకోలే?"

"ఇంకోని బిళ్ల పట్టొద్దన్నడు నాయిన."

"పట్టకపోవుడే మంచిగైంది. పట్టుంటె ఆడనే ఉంటుంటివి." లేచి ముఖం కడుక్కుంది. "పేలుడు ఎన్ని గంటలకు?"

మూడింటికి షేరాటోలో ఓపెన్‌కాస్టు దాకా పోయాం. ఎర్ర జెండా దగ్గర మమ్మల్ని ఆపారు. మొదటి సైరన్ మోగింది. ఇద్దరం ముసలోళ్లం, కల్వర్టు గోడ వెనక కూర్చుని చెవులు మూసుకున్నాం. ఆటోలో పిల్లలు నవ్వారు. నేల ఎగిరింది. మందు వాసన వచ్చింది. దుమ్ము దిగకముందే రెండో సైరన్ మోగింది.

చిన్నమ్మ వెంటనే లేవలేదు. "పడ్డదా?"

"పడ్డది."

"వాళ్ల బాయిలనేనా?"

"ఆడనే."

అప్పుడు లేచింది. చీర దులుపుకుని నేరుగా ఆఫీసు కిటికీ దగ్గరికి నడిచింది. ఇప్పుడు బిళ్లలు లేవు, కార్డులు. లోపల మా మనుమడి ఈడు పిల్లగాడు కూర్చుని ఉన్నాడు. చిన్నమ్మ కిటికీలోంచి బిళ్ల పెట్టింది.

"నాలుగు వందల ఏడు. పైకొచ్చిండు."

వాడు బిళ్లను చూశాడు, ఆమెను చూశాడు. ఎవరింటి పిల్లగాడో, నవ్వలేదు. "ఏ షిఫ్టు అవ్వా?"

"మొదటి షిఫ్టు."

వాడు బిళ్ల తీసుకుని, వెనక తాళాలు తగిలించే మేకుకు తగిలించాడు.

వచ్చేటప్పుడు ఆటో వద్దంది చిన్నమ్మ. నడిచాం. రోడ్డంతా ఖాళీగా ఉన్నా ఆమె ఒక పక్కకు జరిగి నడుస్తోంది, నాకూ ఆమెకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. ఆ చోటులోకి నేను పోలేదు. అటు చూడనూ లేదు. అట్లాగే బస్తీ మలుపు దాకా వచ్చాం. మలుపు దగ్గర చిన్నమ్మ నడక ఆపకుండానే అంది.

"ఆ రోజు ఉప్పు సరిగ్గనే ఏసిన."

నాతో అనలేదు.